పీఎస్‌బీటీ ఫైల్ తెరుచుకోవడం లేదా? ముందు మొదటి ఐదు బైట్లు చూడండి

మల్టీసిగ్ వాలెట్ (డబ్బు పంపడానికి ఒకటికి మించి సంతకాలు కావాల్సిన బిట్‌కాయిన్ వాలెట్) వాడేవాళ్లకు పీఎస్‌బీటీ ఫైల్, అంటే సంతకాలు ఇంకా పూర్తికాని బిట్‌కాయిన్ లావాదేవీ ఫైల్, కొత్త కాదు. లావాదేవీ ఒక కంప్యూటర్‌లో తయారవుతుంది, సంతకాలు వేరే పరికరాల్లో పడతాయి. మధ్యలో చేతులు మారేది ఈ ఫైలే. దీని లోపలి నిర్మాణాన్ని బిట్‌కాయిన్ ప్రతిపాదన పత్రం బిప్ 174 పూసగుచ్చినట్టు చెప్పింది. మీడియా టైప్ (ఫైల్ ఏ రకమో సర్వర్లు, యాప్‌లు చెప్పుకునే పేరు) దగ్గరికొచ్చేసరికి మాత్రం, పేరు రిజిస్టర్ అయ్యాక ఈ పత్రంలో చేరుస్తామని ఒక్క వాక్యంతో సరిపెట్టింది. కింద చెప్పే చిక్కుల్లో సగం ఆ ఖాళీ వల్ల వచ్చినవే.

ఏ ఇబ్బంది వచ్చినా ముందు ఫైల్‌ను హెక్స్ వ్యూయర్‌లో (బైట్లను అంకెలుగా చూపే ప్రోగ్రామ్) తెరిచి మొదటి ఐదు బైట్లు చూడండి. 70 73 62 74 ఎఫ్ఎఫ్ అని ఉంటే అది అసలైన బైనరీ పీఎస్‌బీటీ. ఫైల్ పేరు, సర్వర్ చెప్పే టైప్ ఎవరైనా మార్చగలిగేవి, కాబట్టి నేను వాటిని రెండో సాక్ష్యంగానే తీసుకుంటాను.

లక్షణం: బిట్‌కాయిన్ కోర్ సాఫ్ట్‌వేర్ "ఇన్‌వాలిడ్ బేస్64" అంటోంది, లేదా హార్డ్‌వేర్ వాలెట్ ఫైల్‌ను గుర్తించడం లేదు

కారణం: పీఎస్‌బీటీకి రెండు రూపాలున్నాయి. ఒకటి బైనరీ ఫైల్, రెండోది కాపీ చేసి అతికించడానికి వీలుగా ఉండే బేస్64 అక్షరాలు. కొన్ని వాలెట్లు ఆ అక్షరాలనే ఫైల్‌లో పెట్టి, చివర అదే .పీఎస్‌బీటీ తగిలిస్తాయి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

పరిష్కారం: టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. చిన్న సి, పెద్ద హెచ్, పెద్ద ఎన్, చిన్న ఐ, చిన్న డి, పెద్ద పి, 8 అనే వరసతో మొదలైతే అది బేస్64. కోర్ కమాండ్ లైన్‌కు ఈ రూపమే కావాలి. పరికరం బైనరీ అడిగితే డీకోడ్ చేసి ఇవ్వండి. లినక్స్‌లో బైనరీని బేస్64గా మార్చేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. ఆ కమాండ్ 76 అక్షరాలకో లైన్ విరుస్తుంది. డబ్ల్యూ ఆప్షన్‌కు 0 ఇస్తే అంతా ఒకే లైన్‌లో వస్తుంది. చూసేటప్పుడు ఎడిటర్‌లో సేవ్ మాత్రం నొక్కకండి. ఎందుకో కిందే ఉంది.

లక్షణం: 70 73 62 74 వరకు సరిగ్గానే ఉంది, తర్వాత ఈఎఫ్ బీఎఫ్ బీడీ కనిపిస్తోంది

కారణం: దారిలో ఎవరో దీన్ని టెక్స్ట్‌గా చదివారు. ఎఫ్ఎఫ్ అనే బైట్ యూటీఎఫ్-8లో (టెక్స్ట్‌ను బైట్లుగా రాసే పద్ధతి) ఎక్కడా రాదు. అందుకే చదివిన ప్రోగ్రామ్ దాని స్థానంలో "అర్థం కాని అక్షరం" గుర్తు పెట్టేసింది. ఆ గుర్తే ఈ మూడు బైట్లు. లోపల ఉన్న చెల్లని బైట్లన్నిటికీ ఇదే గతి పడుతుంది.

పరిష్కారం: ఈ ఫైల్‌ను బాగుచేయలేం. వేర్వేరు బైట్లన్నీ ఒకే గుర్తుగా మారిపోయాక ఏది ఏదో తేల్చే దారి లేదు. పంపినవాళ్లను మళ్లీ అడగండి, ఈసారి జిప్ చేసి పంపమనండి. టెన్షన్ పడాల్సిన పని లేదు. సంతకం పూర్తయి నెట్‌వర్క్‌లోకి వెళ్లేదాకా డబ్బు కదలదు.

ఫైల్ మీ సర్వర్ నుంచే వెళ్తుంటే మూలం అక్కడే వెతకాలి. ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్‌లో ఏ సెట్టింగూ పెట్టకపోతే తెలియని ఎక్స్‌టెన్షన్‌కు టెక్స్ట్/ప్లెయిన్ అని చెబుతుంది. బ్రౌజర్ దాన్ని నమ్మి చెత్త అక్షరాలు చూపిస్తుంది. చూసినవాళ్లు వాటినే కాపీ చేసి సేవ్ చేసుకుంటారు. ఈ ఎక్స్‌టెన్షన్‌కు అప్లికేషన్/ఆక్టెట్-స్ట్రీమ్ (రకం తెలియని బైనరీ ఫైల్ అని అర్థం) అని రాయండి, అటాచ్‌మెంట్‌గా దిగేలా కంటెంట్-డిస్పోజిషన్ హెడర్ కూడా పెట్టండి. దీన్ని సర్వర్ బ్లాక్‌లో కొత్త టైప్స్ బ్లాక్‌గా రాయకండి. అలా రాస్తే పైనుంచి వచ్చే జాబితా మొత్తం రద్దై, సీఎస్ఎస్, బొమ్మలు కూడా తప్పుడు టైప్‌తో వెళ్తాయి. ఉన్న జాబితాలోనే ఒక లైన్ చేర్చండి.

లక్షణం: ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైల్ ఉంది కానీ మసకగా కనిపిస్తోంది, ఎంచుకోనివ్వడం లేదు

కారణం: ఫోన్‌కు ఈ ఎక్స్‌టెన్షన్ తెలియక ఆక్టెట్-స్ట్రీమ్ అనుకుంటోంది. యాప్ ఏమో తను కల్పించుకున్న వేరే టైప్ అడుగుతోంది. పరిష్కారం యాప్ రాసేవాళ్ల చేతిలోనే ఉంది: అన్ని రకాల ఫైళ్లనూ చూపించి, ఎంచుకున్నాక ఐదు బైట్లు సరిచూడాలి.

లక్షణం: ఎక్స్ఛేంజ్ నుంచి దించిన సీఎస్‌వీని పన్ను లెక్కల సైట్‌లో పెడితే "సీఎస్‌వీ మాత్రమే పెట్టండి" అంటోంది

కారణం: ఎక్సెల్ ఉన్న విండోస్‌లో చాలాసార్లు బ్రౌజర్ సీఎస్‌వీని ఎక్సెల్ టైప్‌గా పంపుతుంది. సీఎస్‌వీకి టెక్స్ట్/సీఎస్‌వీ అనే పేరు 2005లోనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 4180తో ఖాయమైంది, అయినా ఈ పేచీ పోలేదు. ప్రస్తుతానికి వేరే కంప్యూటర్ నుంచి ఎక్కించండి. సైట్ నడిపేవాళ్లు మాత్రం బ్రౌజర్ చెప్పిన టైప్ చూసి ఫైల్‌ను తిప్పి పంపకూడదు. ఇంకో మాట, ఆ ఫైల్‌ను ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసి పెట్టొద్దు. ఎక్సెల్ 15 అంకెలే ఉంచుతుంది. ఈథర్ మొత్తాల్లో దశాంశం తర్వాత 18 స్థానాలు ఉండొచ్చు.

యాప్ రాసేవాళ్లకు

కొత్త ఫైల్ రకం తయారుచేసినప్పుడు ఎక్స్- తగిలించి సొంత టైప్ పేరు పెట్టే అలవాటు మానేయండి. ఆర్‌ఎఫ్‌సీ 6648 ఈ పద్ధతి వద్దని 2012లోనే చెప్పింది. బిట్‌కాయిన్ చెల్లింపు అభ్యర్థనల కోసం బిప్ 71 మూడు టైపులకు పేర్లు పెట్టింది. వాలెట్, సర్వర్ రెండూ అదే పేరు వాడబట్టే ఒకే లింకు మీద బ్రౌజర్‌కు పేజీ, వాలెట్‌కు అభ్యర్థన ఇవ్వడం కుదిరింది. ఆ చెల్లింపు పద్ధతిని కోర్ తర్వాత తీసేసినా, పేరు ఒక్కటైతే ఎంత పని జరుగుతుందో అది చూపించింది.

పీఎస్‌బీటీ లాంటి ఫార్మాట్‌కు అలాంటి ఒక్క పేరు ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఇలాంటి పేర్లను నమోదు చేసే సంస్థ ఐయానా దగ్గర వీఎన్‌డీ వర్గంలో (సంస్థలు, ఉత్పత్తుల టైపుల కోసం ఉన్నది) నమోదుకు ఆర్‌ఎఫ్‌సీ రాయనక్కర్లేదు, ఫారం నింపి పంపితే పరిశీలించి చేరుస్తారు. అందులో మ్యాజిక్ నంబర్ (ఫైల్‌ను గుర్తుపట్టే మొదటి బైట్లు) గడిలో మన ఐదు బైట్లు వెళ్తాయి. ఎన్‌కోడింగ్ గడిలో బైనరీ అని మాత్రమే రాయాలి, అప్పుడు బేస్64 అక్షరాలున్న ఫైల్‌కు ఆ పేరు వాడే వీలుండదు. భద్రత గడిని తేలిగ్గా తీసుకోవద్దు. బిప్ 174 ప్రకారం పీఎస్‌బీటీలో ప్రైవేట్ కీ ఉండదు, కానీ ఎక్స్‌పబ్ (వాలెట్ అడ్రస్‌లు పుట్టే పబ్లిక్ కీ) ఉండొచ్చు. అది దొరికినవాళ్లు దాని కిందకొచ్చే మీ అడ్రస్‌లన్నిటినీ గమనించగలరని అక్కడ స్పష్టంగా రాయండి.