పాతిక నిమిషాల నిదానం

నెమ్మదించడానికని యోగా మొదలుపెట్టి, దాన్ని కూడా హడావిడిగానే చేసేవాళ్ళు చాలామంది. పది ఆసనాలు, ఒక్కోటీ అరనిమిషం, మధ్యమధ్య గడియారం వంక ఓ చూపు. ఒంటికి కాస్త కదలిక వస్తుంది గానీ మనసు పరుగు ఆగదు. ఇక్కడ చెప్పేవి నాలుగే ఆసనాలు, వాటికి ముందు కాసేపు శ్వాస. అంతా కలిపి పాతిక నిమిషాలు. ఇంకా తీరిక దొరికితే కొత్త ఆసనం చేర్చకండి, ఉన్నవాటిలోనే మరికాసేపు ఉండండి.

ఒక చాప, రెండు దుప్పట్లు, రెండు దిండ్లు, కాళ్ళు ఆనించడానికి ఖాళీ గోడ ఉంటే చాలు. భోజనం చేసి రెండు మూడు గంటలైనా గడవాలి. కదలకుండా పడుకుంటే ఒళ్ళు త్వరగా చల్లబడుతుంది, చలి వేస్తే కండరాలు బిగుస్తాయి. కాబట్టి సాక్సులు, కప్పుకోవడానికి ఒక దుప్పటి దగ్గర పెట్టుకోండి. ఫోన్ అలారానికి మాత్రమే, అదీ చేతికి అందనంత దూరంలో.

యోగసూత్రాల కర్త పతంజలి ఆసనానికి చెప్పిన లక్షణం రెండే మాటలు: స్థిరం, సుఖం. మనం మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తాం. మీ ఒళ్ళు పది వంతులు వంగగలిగితే ఆరు వంతుల దగ్గరే ఆగిపోండి. ఎక్కువైందని ముందు చెప్పేది నొప్పి కాదు. పళ్ళు బిగుసుకోవడం, కాలివేళ్ళు ముడుచుకోవడం, ఊపిరి చప్పుడు చేయడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కాస్త వెనక్కి రండి.

ముందు ఊపిరి

వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. ఒక చెయ్యి పొట్టమీద. ముక్కుతోనే నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. అంకెకు ఒక సెకను చొప్పున ఒక్కో శ్వాసకు పది సెకన్లు, నిమిషానికి ఆరు శ్వాసలు. ఇలా నాలుగు నిమిషాలు. ఊపిరి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నాడి చేసే పని అది. వదలడాన్ని పొడిగించమనేది అందుకే.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. ఎక్కువసేపు వదలాలంటే ఎక్కువ పీల్చాలనుకుని ఛాతీ నిండా గాలి నింపుతారు. కాసేపటికి తల తేలిపోతుంది, వేళ్ళు చిమచిమలాడతాయి. రక్తంలో బొగ్గుపులుసు వాయువు మరీ తగ్గిపోతే అలాగే ఉంటుంది. గాలి తక్కువ పీల్చండి, లెక్కను పీల్చడానికి మూడు, వదలడానికి నాలుగు అంకెలకు దించండి. ఊపిరి బిగబట్టే కుంభకం జోలికి ఇక్కడ వెళ్ళక్కర్లేదు.

నాలుగు ఆసనాలు

మార్జాలాసనం రెండు నిమిషాలు. చేతుల మీద, మోకాళ్ళ మీద నిలబడండి. భుజాల కింద మణికట్లు, తుంటి కింద మోకాళ్ళు ఉండాలి. వదులుతూ వెన్ను పైకి గుండ్రంగా, పీలుస్తూ నెమ్మదిగా కిందికి. కదలిక తోకఎముక దగ్గర మొదలై మెడ దాకా పాకాలి, తల మాత్రం ఎగరేసి దించడం కాదు. మణికట్లు నొప్పెడితే పిడికిళ్ళమీదో మోచేతులమీదో ఆనుకోండి.

బాలాసనం నాలుగు నిమిషాలు. మోకాళ్ళు ఎడంగా, కాలి బొటనవేళ్ళు దగ్గరగా. తొడల మధ్య దిండును నిలువుగా పెట్టి, పొట్ట నుంచి తల దాకా దానిమీద వాలిపోండి. ముఖం రెండు నిమిషాలు ఒక పక్కకు, రెండు నిమిషాలు మరో పక్కకు. పిరుదులు మడమల మీద ఆనకపోతే ఆ ఖాళీలో మడిచిన దుప్పటి దూర్చండి. అక్కడ ఆసరా లేకపోతే బరువంతా తలమీదికి వచ్చి మెడ పట్టేస్తుంది. మోకాళ్ళ వెనక చిన్న దుప్పటి చుట్ట పెట్టినా నొప్పి తగ్గలేదంటే, ఈ ఆసనం వదిలేసి పక్కకు తిరిగి పడుకోండి.

విపరీతకరణి, అంటే గోడకు కాళ్ళు ఆనించి వెల్లకిలా పడుకోవడం, ఏడు నిమిషాలు. పాతికలో ఏదో ఒక్కటే చేయగలమంటే చేయాల్సింది ఇదే. తిప్పలల్లా గోడ దగ్గరికి చేరడంలోనే. ఎదురుగా కూర్చుని కాళ్ళెత్తితే నడుం గోడకు దూరంగా ఉండిపోతుంది. గోడకు పక్కగా, తుంటి తగిలేలా కూర్చోండి. వెనక్కి వాలుతూనే కాళ్ళను గోడమీదికి తిప్పండి. తొడల వెనక కండరాలు బిగువుగా ఉన్నవాళ్ళు గోడకు జానెడు దూరం జరిగి, మోకాళ్ళు కొంచెం మడుచుకోవాలి. తుంటి కింద మూడు నాలుగు అంగుళాల మందాన మడిచిన దుప్పటి ఉంటే నడుముకు హాయి. పాదాలు తిమ్మిరెక్కితే మోకాళ్ళు వంచి, అరికాళ్ళు ఒకదానికొకటి ఆనించండి. దిగేటప్పుడు మోకాళ్ళు ఛాతీ వైపు మడిచి, పక్కకు తిరిగి ఒక నిమిషం అలాగే ఉండి లేవండి. గబుక్కున లేస్తే కళ్ళు తిరగవచ్చు.

గ్లాకోమా (కంటినాడిని దెబ్బతీసే జబ్బు), కంటి వెనక పొర (రెటీనా) సమస్యలు, అదుపులో లేని రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, నెలలు నిండుతున్న గర్భిణులు డాక్టరును అడగకుండా ఇది చేయకూడదు.

చివరికి శవాసనం, ఏడు నిమిషాలు. తల కింద పలుచగా దుప్పటి, మోకాళ్ళ కింద దిండు. ఆ దిండు లేకపోతే చాలామందికి మూడో నిమిషానికల్లా నడుం లాగుతుంది, నింద మాత్రం మనసు మీద పడుతుంది, నిలకడ లేదని. ఒళ్ళు ఆగగానే ఆలోచనలు విరుచుకుపడడం మామూలే. పొద్దుట్నుంచీ పక్కకు నెట్టినవన్నీ ఇప్పుడు వరస కడతాయి. వాటితో కుస్తీ పట్టకుండా ఒక్కోదానికి ఒక్క మాటతో పేరు పెట్టండి: లెక్క, గొడవ, రేపు. పేరు పెట్టి మళ్ళీ ఊపిరి దగ్గరికి రండి. కళ్ళు మూసుకుంటే కంగారుగా ఉందా? తెరిచే ఉంచండి, లేదా గోడకు వీపు ఆనించి కూర్చోండి. రోజూ రెండు నిమిషాల్లోనే నిద్ర ముంచుకొస్తోందంటే ఆసనంలో లోపం వెతక్కండి, రాత్రి నిద్ర ఎన్ని గంటలో లెక్కేసుకోండి.

ఐదు నిమిషాల రాత

లేవగానే ఫోన్ ముట్టుకోకుండా కాగితం తీసుకోండి. రాయాల్సినవి మూడు. ఇవాళ ఒళ్ళు ఎక్కడ బిగుసుకుంది, ఏ వేళకి? తొందర అక్కర్లేని చోట ఎక్కడ తొందరపడ్డాను? రేపు చేయాల్సినవేమిటి?

‘ఎందుకిలా చేశాను’ అని మాత్రం మొదలుపెట్టకండి. ఆ ప్రశ్న రెండు వాక్యాల్లోనే మనల్ని బోనెక్కిస్తుంది. ‘ఏం జరిగింది, అప్పుడు ఒంట్లో ఏం తెలిసింది’ అంటే చాలు. ‘కోపం వచ్చింది’ కన్నా ‘ఫోన్ మోగగానే దవడ బిగిసింది’ అన్న వాక్యం ఎక్కువ పనికొస్తుంది, రేపు ఫోన్ మోగినప్పుడు ఆ దవడ గుర్తొస్తుంది కాబట్టి.

మూడో ప్రశ్నకు జవాబు ఎంత వివరంగా ఉంటే అంత మంచిది. 2018లో ప్రచురితమైన బేలర్ విశ్వవిద్యాలయం అధ్యయనంలో 57 మంది పడుకునే ముందు ఐదు నిమిషాలు రాశారు. సగంమంది చేయాల్సిన పనులు, సగంమంది చేసేసిన పనులు. చేయాల్సినవి రాసినవాళ్ళు సగటున తొమ్మిది నిమిషాలు ముందు నిద్రపోయారు. వాళ్ళలోనూ పనులను విడివిడిగా రాసినవాళ్ళకు ఇంకా త్వరగా నిద్రపట్టింది.

వారానికోసారి వెనక్కి తిరగేసి, మళ్ళీమళ్ళీ వచ్చిన మాటల చుట్టూ సున్నా చుట్టండి. ఒకే బాధ వారాల తరబడి కనిపిస్తూ, నిద్ర, ఆకలి తగ్గిపోతుంటే అది కాగితంతో తీరేది కాదు, వైద్యుల్ని కలవాలి.

రోజులోని చిన్న సంతోషాలు

వీటికి వేరే వేళ పెట్టక్కర్లేదు. ఎలాగూ చేసే పనినే ఒకటి ఎంచుకోండి: స్నానంలో వీపుమీద పడే మొదటి చెంబెడు నీళ్ళు, ఉతికి ఆరేసిన బట్ట మడతపెట్టేటప్పటి వాసన, పొద్దున్నే కిటికీ తెరిచినప్పటి గాలి. ముప్పై సెకన్లు, ఒక్క ఇంద్రియం, అంతే. వాసన అయితే వాసనే. ఒకేసారి ఐదారు పెట్టుకుంటే మూడో రోజుకి అదొక పనుల చిట్టా అవుతుంది.

పది రోజులకు ఆ సంతోషం చప్పబడుతుంది. తప్పు మీది కాదు, అలవాటైనదాన్ని గమనించడం మెదడు మానేస్తుంది. అప్పుడు మరొకటి మార్చుకుని, పాతదాన్ని నెల తర్వాత మళ్ళీ తెచ్చుకోండి. ఎన్ని రోజులు వరసగా చేశారో లెక్కపెట్టే యాప్‌లు దీనికి వద్దు. ఒక్కరోజు తప్పగానే మొత్తం మానేయాలనిపించేది వాటివల్లే.

తప్పిన రోజున మర్నాడు రెట్టింపు చేయకండి. గోడకు కాళ్ళు ఆనించి ఐదు నిమిషాలు పడుకుని, కాగితం మీద రేపటి పనులు మాత్రం రాసి దీపం ఆర్పేయండి.