మందు మానేశాక వచ్చే పండుగ రోజులు: తాగకుండా, సంతోషంగా గడపడం ఎలా?

మందు మానేసిన కొత్తలో పండుగ సెలవులు దగ్గర పడుతుంటే చాలామందికి గుండెల్లో గుబులు మొదలవుతుంది. ఆ గుబులు మంచిదే, దాన్ని కొట్టిపారేయకండి. మామూలు రోజుల్లో పని వేళలు, నిద్ర వేళలు, మానేసినవాళ్లంతా కలిసే వారం వారం మీటింగు, కౌన్సెలర్‌ని కలిసే రోజు ఇవన్నీ మీ చుట్టూ కంచెలా నిలబడతాయి. సెలవులు రాగానే ఆ కంచె ఒక్కసారిగా సడలిపోతుంది. సరిగ్గా అప్పుడే పాత స్నేహితులు ఊడిపడతారు, చేతిలో డబ్బు ఆడుతుంది, పాత కుటుంబ తగాదాలు తలెత్తుతాయి, ఎటు చూసినా సీసాలే కనిపిస్తాయి.

అందుకని అన్నిటికంటే ముందు ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. తాగాలా వద్దా అన్నది పార్టీలో తేల్చుకోవాల్సిన పరిస్థితి తెచ్చుకోవద్దు. గ్లాసు ముందుకొచ్చాక పట్టుదల ఒక్కదానితో నెగ్గుకు రావడం చాలా కష్టం. ఎక్కడికి వెళ్తారు, ఎన్నింటికి బయటపడతారు, చేతిలో ఏం పట్టుకుంటారు, అవసరమైతే ఎవరికి ఫోన్ చేస్తారు అన్నవి ఇంట్లో కూర్చుని, మనసు కుదురుగా ఉన్నప్పుడే తేల్చేసుకోవాలి.

ఇక్కడ చెప్పేదంతా ఇప్పటికే మానేసినవాళ్ల కోసం. ఇంకా రోజూ బాగా తాగుతూ, పండుగ పేరు చెప్పి మానేద్దామనుకునేవాళ్లు మాత్రం ఒంటరిగా, హఠాత్తుగా ఆపకండి. ఆఖరి గ్లాసు తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. తొలి 48 గంటల్లో మూర్ఛలు రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో మతి చెదిరి, లేనివి కనిపించే స్థితి రావచ్చు, అది ప్రాణాల మీదికి తెస్తుంది. చాలాకాలంగా నిద్రమాత్రలకు అలవాటు పడినవాళ్లకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. డాక్టర్ పర్యవేక్షణలో ఆపడమే క్షేమం.

వారం ముందు

ఒక కాగితం తీసుకుని వచ్చిన పిలుపులన్నీ రాయండి. ఒక్కోదాని పక్కన మూడు విషయాలు రాయాలి: అక్కడ తాగేవాళ్లు ఎందరు, మధ్యలో లేచి వచ్చేయడానికి దారి ఉందా, అసలు నేను ఎందుకు వెళ్తున్నాను. మూడోదానికి ‘వెళ్లకపోతే ఏమనుకుంటారో’ తప్ప వేరే జవాబు రాకపోతే ఆ పిలుపు కొట్టేయండి. తాగడం కోసమే కలుసుకునే కూడికలు కొన్ని ఉంటాయి, సీసా తీసేస్తే అక్కడ ఏమీ మిగలదు. మానేసి ఏడాది కూడా కానివాళ్లు వాటికి వెళ్లకపోవడమే మేలని మా గట్టి అభిప్రాయం. ‘నేను ఎంత గట్టిపడ్డానో చూసుకుందాం’ అని వెళ్లడం మరీ ప్రమాదం. పరీక్ష పెట్టుకోవడం కోలుకోవడంలో భాగం కాదు.

పూర్తిగా మానుకోలేని దగ్గరి బంధువుల ఇల్లయితే వేళ మార్చండి. రాత్రి బదులు పొద్దున్నో మధ్యాహ్నం భోజనానికో వెళ్తే మనుషుల్ని కలిసినట్టూ ఉంటుంది, సీసాలు తెరిచేలోపు బయటపడినట్టూ ఉంటుంది.

తాగుడు మానడానికి డాక్టర్ రాసిన మాత్రలు వాడుతుంటే ఇప్పుడే లెక్కపెట్టండి. సెలవుల్లో క్లినిక్కులు, మెడికల్ షాపులు చాలావరకు మూసేస్తారు. ‘రెండు రోజులు వేసుకోకపోతే ఏమవుతుందిలే’ అనే మాట ఇక్కడే పుడుతుంది. సెలవులకు సరిపడా కాక ఇంకో అయిదారు రోజులకు అదనంగా దగ్గర పెట్టుకోండి. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ మాత్ర వాడేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అది ఓపియాయిడ్ రకం (మార్ఫిన్ లాంటి) నొప్పి మందుల్ని పని చేయనివ్వదు కాబట్టి, ప్రయాణంలో దెబ్బ తగిలి ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తే ఆ సంగతి డాక్టర్‌కి తెలియాలి. ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి.

కౌన్సెలర్ ఏయే తేదీల్లో అందుబాటులో ఉండరో ముందే అడగండి. మానేసినవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు సెలవు రోజుల్లోనూ చాలాచోట్ల జరుగుతాయి, కొన్నిచోట్ల పండుగ నాడు పొద్దుటి నుంచి రాత్రి దాకా వరసగా పెడతారు. ఆన్‌లైన్‌లో అయితే ఏ వేళకైనా ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. వాటి లింకులు ముందే ఫోన్‌లో దాచుకోండి, తాగాలన్న యావ మీదికొచ్చాక వెతికే ఓపిక ఉండదు.

అలాగే ముగ్గుర్ని ఎంచుకుని ఫోన్ చేయండి. ‘ఫలానా రోజు రాత్రి పది ప్రాంతంలో నీకు ఫోన్ చేయొచ్చు, ఎత్తుతావా?’ అని సూటిగా అడగండి. ఈ ఒక్క పని దగ్గరే చాలామంది మొహమాటపడతారు. ముందే చెప్పి ఉంచిన మనిషికి చేయడం తేలిక, చెప్పకుండా ఉంటే ఆ వేళకి ‘పండుగ పూట వాళ్లనెందుకు ఇబ్బంది పెట్టడం’ అనిపించి ఫోన్ పక్కన పెట్టేస్తారు. ఒక్కరు చాలరా అంటే చాలరు, ఆ ఒక్కరూ సరిగ్గా ఆ వేళకే ఎత్తకపోవచ్చు.

ఇంట్లో సీసా ఉంచకండి, అతిథుల కోసమని కూడా వద్దు. ఎవరైనా కానుకగా తెచ్చిస్తే ఆ గంటలోనే ఇల్లు దాటించండి. ‘తర్వాత ఎవరికైనా ఇద్దాం’ అని బీరువాలో పెట్టిన సీసా మిమ్మల్ని నిద్రపోనివ్వదు.

బయల్దేరే రోజు

ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. ఈ నాలుగింటిలో రెండు కలిస్తే యావ ముదురుతుంది. పార్టీలో తినొచ్చులే అని ఖాళీ కడుపుతో వెళ్లకండి, బయల్దేరే ముందే కడుపునిండా తినండి. ముందురోజు రాత్రి నిద్ర లేకపోతే వెళ్లకపోవడమే మంచిది. అప్పుడే ఇంట్లో ఎవరితోనైనా మాటామాటా పెరిగి ఉంటే, ఒక అరగంట ఆగి ఎవరితోనైనా మాట్లాడి కోపం దిగాకే కదలండి.

తిరిగి రావడానికి ఇంకొకరి మీద ఆధారపడకూడదు. తాగుతున్న మనిషి కారులో వెళ్తే ఆయన లేచినప్పుడే మీరు లేవాలి. సొంత బండి గానీ, రానూపోనూ చార్జీలు గానీ మీ దగ్గరే ఉండాలి. అందరికంటే ముందే వెళ్లి, గంటన్నరలో బయటపడండి. గొంతులు పెరిగి, ఒకే మాట మళ్లీ మళ్లీ చెప్పడం మొదలైందంటే మీరు వెళ్లే వేళ అయిందని గుర్తు.

లోపలికి వెళ్లగానే చేతిలోకి ఏదో ఒక పానీయం తీసుకోండి. చెయ్యి ఖాళీగా కనబడితే ఎవరో ఒకరు నింపుతారు. ఎవరికి వాళ్లు పోసుకోవడమే పద్ధతి. గ్లాసు కింద పెట్టి అటు తిరిగారంటే మళ్లీ దాన్ని ముట్టకండి, కొత్తది తెచ్చుకోండి. రంగు ఒకేలా ఉన్న గ్లాసులు మారిపోవడం మామూలే.

‘ఆల్కహాల్ లేని’ బీరు సంగతి చాలామంది అడుగుతారు. చాలా దేశాల్లో 0.5 శాతం దాకా ఆల్కహాల్ ఉన్నా ఆ పేరు పెట్టుకోవచ్చు. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఆ వాసన, ఆ నురగ, ఆ చేదు. మెదడు ఇన్నేళ్లూ వాటితోనే మత్తును ముడిపెట్టుకుంది, అవి తగలగానే అసలుదాని కోసం లేచి కూర్చుంటుంది. కొత్తలో దాని జోలికి వెళ్లొద్దు.

వంటలో పోసిన మందు మంట మీద ఆవిరైపోతుందన్నది సగం నిజమే. పదిహేను నిమిషాలు ఉడికినా దాదాపు 40 శాతం మిగులుతుంది, గంట ఉడికితే 25 శాతం. పైన పోసి వెలిగించే రకం వంటకంలో సుమారు 75 శాతం అలాగే ఉంటుంది. తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్ర వాడేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఆల్కహాల్ నుంచి ఒంట్లో తయారయ్యే అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం విరిగిపోకుండా ఆ మాత్ర ఆపుతుంది కాబట్టి కొద్దిపాటి ఆల్కహాల్‌కే ముఖం ఎర్రబడడం, గుండెదడ, వాంతులు, రక్తపోటు పడిపోవడం వంటివి రావచ్చు. కొన్ని దగ్గు సిరప్పుల్లో, మౌత్‌వాష్‌ల్లో కూడా ఆల్కహాల్ ఉంటుంది. మాత్ర ఆపేసిన రెండు వారాల దాకా ఈ ప్రమాదం తొలగదు. ‘పండుగకి మూడు రోజుల ముందు ఆపేస్తే సరి’ అన్న లెక్క పూర్తిగా తప్పు.

బలవంతపెట్టేవాళ్లతో

జవాబు ఎంత పొట్టిగా ఉంటే అంత బలం. ‘వద్దు బావా, నేను తాగను. మంచినీళ్లు ఇవ్వు.’ పెద్దవాళ్లయితే, ‘వద్దు మావయ్యా, మానేశాను. ఆకలేస్తోంది, భోజనం పెట్టించండి.’ కాదన్న వెంటనే ఇంకేదో అడిగితే అవతలివాళ్లకూ చేయడానికి ఒక పని దొరుకుతుంది, మాట అటు మళ్లుతుంది. ఇంట్లో ఈ మాటలు నాలుగైదుసార్లు పైకి అని చూడండి, మనసులో అనుకుంటే చాలదు. గొంతు తడబడేది మొదటిసారి పైకి అన్నప్పుడే.

కారణాలు చెప్పడం దగ్గరే పప్పులో కాలేస్తారు. ‘రేపు పనుంది’ అంటే ‘ఒక్కటే కదా’ అంటారు. ‘డాక్టర్ వద్దన్నాడు’ అంటే డాక్టర్లందరి మీదా చర్చ మొదలవుతుంది. ‘యాంటీబయోటిక్స్ వాడుతున్నా’ అన్న అబద్ధం ఒక వారం పనికొస్తుంది, పై పండుగకి ఇంకో అబద్ధం వెతుక్కోవాలి. మూడోసారి కూడా గ్లాసు మీ ముందు పెట్టినవాళ్లకి జవాబు అక్కర్లేదు. లేచి వచ్చేయండి. చెప్పకుండా వచ్చేసినందుకు మర్నాడు ఫోన్ చేసి సర్దిచెప్పుకోవచ్చు.

యావ పుట్టినప్పుడు

తాగాలన్న యావ అలలా పెరుగుతుంది, ఒక స్థాయికి చేరుతుంది, తగ్గిపోతుంది. దాని మాట వినకుండా ఉంటే సాధారణంగా అరగంటలోపే దిగుతుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ మార్లాట్ దీని మీద చాలాకాలం పనిచేశారు. యావతో కుస్తీ పట్టకుండా, అది లేచి పడిపోయేదాకా గమనిస్తూ ఉండడాన్ని ఆయన రోగులకు నేర్పించారు. చేసే తీరు ఇదీ: ముందు ఉన్నచోటు నుంచి లేచి బయటికి రండి. ఫోన్‌లో ఇరవై నిమిషాలకు అలారం పెట్టండి. యావ ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో చూడండి, గొంతులోనా, ఛాతీలోనా, చేతుల్లోనా? దాన్ని తరమకుండా ఊపిరి మీద ధ్యాస పెట్టి గమనించండి. చల్లటి నీళ్లు తాగండి, ఏదైనా తినండి, ముందే మాట్లాడి పెట్టుకున్న ముగ్గురిలో ఒకరికి ఫోన్ చేయండి. యావ తగ్గాక చేద్దామనుకోకండి, ఫోన్ అవసరమయ్యేది అది ఎక్కువగా ఉన్నప్పుడే.

‘ఇన్ని నెలలు ఆగాను కదా, ఇప్పుడు అదుపులో తాగగలను’ అనే ఆలోచనతో వాదన పెట్టుకోకండి, అది మీకంటే బాగా వాదిస్తుంది. బదులుగా మొదటి గ్లాసు దగ్గర ఆగకుండా ఆ రాత్రి చివరిదాకా, మర్నాటి పొద్దుటిదాకా వరసగా ఊహించుకోండి. మందు మొదటి పది నిమిషాల్నే గుర్తుచేస్తుంది, మిగతాది మీరే గుర్తుచేసుకోవాలి.

ఇంటికి తిరిగొచ్చాక

పార్టీ అంతా తాగకుండా గడిపి, ఇంటికొచ్చాక ఒంటరిగా తాగినవాళ్లు ఉన్నారు. గట్టెక్కామన్న ఊరట, ఆ వెంటే నిశ్శబ్దం, ‘ఇంత బాగా నెగ్గుకొచ్చాను, ఒక్కటి వేసుకుంటే తప్పేంటి’ అన్న ఊహ. ఆ గంటకు కూడా ప్రణాళిక కావాలి. దారిలో ఎక్కడా ఆగకుండా ఇంటికి రావాలి, రాగానే ఎవరికైనా ‘వచ్చేశాను’ అని చెప్పాలి, స్నానం చేసి, ఏదైనా తిని పడుకోవాలి. మర్నాడు పొద్దున్న మీటింగుకో, స్నేహితుడితో నడకకో ముందే మాట ఇచ్చి ఉంచండి. సెలవులు ముగిసిన వారం కూడా ఇలాంటిదే. అందరూ వెళ్లిపోయాక ఇల్లు బోసిపోతుంది, ఆ వారంలో ఒక మీటింగు అదనంగా వేసుకోండి.

సంతోషం సంగతి

మానేసిన తొలి నెలల్లో దేనిలోనూ రుచి తెలియకపోవడం సహజం. మత్తు ఇచ్చే ఉధృతికి అలవాటు పడిన మెదడు మామూలు ఆనందాలకు స్పందించడానికి కొంతకాలం పడుతుంది. ఈ పండుగ చప్పగా అనిపిస్తే, ఇక జీవితమంతా ఇంతేననే తీర్పు ఇచ్చేసుకోకండి.

ఊరికే కూర్చోకుండా ఒక బాధ్యత అడిగి తీసుకోండి. పిల్లల్ని ఆడించడం, వంటలో చెయ్యి వేయడం, ఫొటోలు తీయడం, ముసలివాళ్లను దింపి రావడం, ఏదైనా సరే. చేతిలో పని ఉన్న మనిషిని గ్లాసు పట్టుకోమని అడిగేవాళ్లు తక్కువ, పైగా అందరి మధ్యా ఉన్నట్టూ ఉంటుంది. తాగిన రోజుల్లో ఎప్పుడూ చూడని పండుగ పొద్దుటిపూట ఇప్పుడు మీ చేతిలో ఉంది, ఇష్టమైన పనులన్నీ ఆ వేళకే పెట్టుకోండి. ఒంటరిగా ఉండేవాళ్లు సెలవుల్లో రోజుకి రెండు పనులు గడియారం చూసి మరీ ఖాయం చేసుకోవాలి, వాటిలో ఒకటి మనుషులతో కూడినదై ఉండాలి.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. నోటి వాసన చూడడం, పదే పదే ‘బాగున్నావా’ అని ఆరా తీయడం మేలు కన్నా కీడే చేస్తాయి. ‘ఈ పండుగకి నా వల్ల నీకేం కావాలి?’ అని ముందే ఒక్కసారి అడగండి, వెళ్లిపోదామని సైగ చేసినప్పుడు ప్రశ్నలు వేయకుండా లేవండి.

ఒకవేళ జారితే

ఒక గ్లాసు తాగడం వేరు, పాత జీవితంలోకి తిరిగి వెళ్లడం వేరు. ‘ఎలాగూ తప్పు జరిగిపోయింది, ఇక పూర్తిగానే కానీ’ అన్న సిగ్గే మొదటిదాన్ని రెండోదిగా మారుస్తుందని మార్లాట్ చూపించారు. గ్లాసు సగంలో ఉన్నా వదిలేసి అక్కడి నుంచి బయటపడండి. ఆ రాత్రే ఒక మనిషికి చెప్పండి, తెల్లవారితే దాచాలన్న ఆలోచన బలపడుతుంది.

హెరాయిన్ లాంటి ఓపియాయిడ్ మత్తు మానేసినవాళ్లకు మాత్రం ఇక్కడ ప్రాణాపాయం ఉంది. కొన్ని వారాలు ఆపితే చాలు, శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తి కోల్పోతుంది. ఒకప్పుడు రోజూ తీసుకున్న మోతాదే ఇప్పుడు ఊపిరి ఆపేయవచ్చు. మనిషి లేపినా లేవకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించినా, పెదాలు నీలంగా మారినా వెంటనే అత్యవసర సేవలకు ఫోన్ చేయండి, ఓపియాయిడ్ ప్రభావాన్ని తిప్పికొట్టే నాలోక్సోన్ మందు దొరికితే వెంటనే ఇవ్వండి, ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఒంటరిగా వదలకండి.

వరసగా కొన్ని రోజులు తాగేసి ఉంటే, మళ్లీ ఆపేముందు డాక్టర్‌ని కలవండి. ఎన్ని రోజులు, ఎంత తాగారన్నది తగ్గించి చెప్పకండి. వణుకు, మూర్ఛలు రాకుండా ఇచ్చే మాత్రల మోతాదు నిర్ణయించడానికి డాక్టర్‌కి ఆ లెక్క కావాలి.