చిన్న క్రైస్తవ కాలేజీలో చేరారా? మొదటి ఆరు వారాల్లో చేయాల్సినవి

కాలేజీ పేరు ముందు పునీతుల పేరుంటే పిల్లవాడికి భక్తి దానంతటదే అబ్బుతుందని ఇంట్లోవాళ్ల నమ్మకం. అబ్బదు. బెల్లు, అటెండెన్సు, ఇంటర్నల్స్ ఇక్కడా అన్నిచోట్ల లాంటివే. క్లాసులో పక్కనున్నవాళ్లలో చాలామంది క్రైస్తవులు కారు, క్రైస్తవుల్లోనూ తలా ఒక సంఘం. చిన్న కాలేజీలో ఒక మేలుంది: రెండు వారాల్లో అందరి ముఖాలూ తెలిసిపోతాయి. కీడూ అదే. దాని సంగతి కింద చెప్తాం.

ముందు మీ కాలేజీ ఎవరిదో తెలుసుకోండి. గుంటూరులో లూథరన్ల మూలాలు లోతైనవి. లూథరన్ మిషనరీ ఫాదర్ హెయర్ అక్కడికి వచ్చింది 1842లో, ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ పుట్టింది 1885లో. విజయవాడలో జెస్యూట్ల లయోలా 1953 నాటిది, మారిస్ స్టెల్లా 1962 నాటిది, రెండూ కథోలికులవి. ఇవి పెద్ద కాలేజీలు, కానీ ఊరిలో ఉన్న చిన్న కాలేజీలక్కూడా వెనక ఏదో ఒక సంఘం ఉంటుంది. చాపెల్‌లో (కాలేజీ లోపలి చిన్న గుడిలో) పూజ జరుగుతుందా, లిటర్జీ (ఆరాధన క్రమం) పుస్తకం చదువుతారా, చప్పట్లతో స్తుతి ఆరాధనా అన్నది దాన్నిబట్టే ఉంటుంది. మీరు వేరే సంఘంవాళ్లయితే చాపెల్‌కి వెళ్లడానికి మొహమాటపడక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: కథోలిక పూజలో పంచే సత్ప్రసాదం (అప్పం) కథోలికులకే. ఆ సమయంలో కూర్చున్నచోటే ఉండండి, ఎవరూ ఏమీ అనుకోరు. లూథరన్, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) గుడుల్లో ప్రభురాత్రి భోజన సంస్కారం తీసుకునే ముందు అయ్యగారిని ఒకమాట అడగండి.

మొదటి వారంలోనే చాప్లిన్‌ని, అంటే కాలేజీలో ఆరాధన చూసుకునేవాళ్లని, కలవండి. ఫాదరో, పాస్టరో, సిస్టరో ఎవరైనా సరే, ఇరవై నిమిషాలు చాలు. మూడు ప్రశ్నలు: చాపెల్ ఏ రోజు, ఎన్నింటికి? విద్యార్థుల కూడిక ఏదైనా ఉందా? ఆదివారం హాస్టల్ నుంచి గుడికి వెళ్లాలంటే అవుట్‌పాస్ ఎవరివ్వాలి? చాలామంది మూడోది అడగరు. తీరా ఆదివారం పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్‌తో వాదన పడి గది దారి పడతారు. కొన్ని హాస్టళ్లలో శనివారం సాయంత్రమే రిజిస్టర్లో పేరు రాయాలి.

గుడి ఎంచుకోవడానికి మూడు ఆదివారాలు, మూడు గుడులు. నాలుగో ఆదివారానికి ఒకటి ఖాయం చేసుకోండి. ఏడాదంతా గుడులు మారుస్తూ తిరిగేవాళ్లని ఏ సంఘమూ గుర్తుపట్టదు. గుడి మీకు నప్పిందో లేదో చూడటానికి మా లెక్క ఇది: నడిచి వెళ్లగలిగే దూరమా? మధ్యాహ్నం మెస్ మూసేలోపు ఆరాధన ముగుస్తుందా? అయిపోయాక ఎవరైనా “ఏ ఊరు బాబూ?” అని పలకరించారా? ప్రసంగం ఎంత గొప్పదైనా ఈ పలకరింపు లేని గుడిలో హాస్టల్ పిల్లలు నిలబడరు. కానుకకి పదో ఇరవయ్యో చాలు. ఇంట్లో పంపిన ఖర్చుల డబ్బులో దశమభాగం లెక్కగట్టి అడిగేచోటా, బాప్తిస్మానికి తొందరపెట్టేచోటా ఆగండి, ఇంట్లో మాట్లాడండి.

అసలు తోడు దొరికేది గుడిలో కంటే చిన్న కూడికలో. ఆరుగురు నుంచి పదిమంది చాలు. పన్నెండు దాటితే సగంమంది నోరు విప్పరు. కాలేజీలో కూడిక లేకపోతే మీరే మొదలుపెట్టొచ్చు. వార్డెన్‌కి ఒక పేజీ అర్జీ ఇచ్చి, కాపీ చాప్లిన్‌కి పంపండి. రోజు, గది, మొదలయ్యే టైము, ముగిసే టైము, ఎంతమంది, బాధ్యులైన ఇద్దరి పేర్లు రాయండి. ముగిసే టైము రాయకపోతే అనుమతి రావడం కష్టం.

నలభై ఐదు నిమిషాల కూడిక ఇలా నడుస్తుంది. రెండు పాటలు, పది నిమిషాలు. వాక్యం వంతులవారీగా చదవడం, పది. దాని మీద మాటలు, పదిహేను. ప్రార్థన, పది. పాటలు రెండు దాటితే మిగతావన్నీ మింగేస్తాయి, ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మార్కు సువార్తతో మొదలుపెట్టండి: పదహారు అధ్యాయాలు, వారానికొకటి చొప్పున దాదాపు సెమిస్టరంతా వస్తుంది. పరీక్షలు దగ్గరపడితే రూతు తీసుకోండి, నాలుగే అధ్యాయాలు. చదివాక ఒకే ప్రశ్న వేయండి, “ఇందులో మీకు అర్థంకానిది ఏది?” అని. “ఏం నేర్చుకున్నారు?” అని అడిగితే అందరూ సండే స్కూల్ జవాబులే చెప్తారు. ఒక సీనియర్ అన్నే ప్రసంగం అందుకుంటే, వచ్చేవారం నుంచి నడిపే వంతు తిప్పండి. మొహం మీద చెప్పడం కంటే అదే నయం.

ఇప్పుడు ఆ కీడు సంగతి. “ఫలానా అమ్మాయి కోసం ప్రార్థన చేయండి” అన్న ఒక్క మాట రాత్రికల్లా హాస్టలంతా పాకుతుంది. విన్నపం పేరుతో చాడీ. అందుకే ఒక నియమం పెట్టుకోండి: ఎవరి విన్నపం వాళ్లే చెప్పాలి, పక్కవాళ్ల గురించి వాళ్లు ఒప్పుకుంటేనే. వాట్సాప్ గ్రూపులో టైమూ, గదీ తప్ప విన్నపాలు రాయొద్దు. స్క్రీన్‌షాట్లు ఆగవు.

ఎవరైనా రెండు వారాలుగా నిద్రపోవట్లేదన్నా, బతకాలని లేదన్నా ప్రార్థనతో సరిపెట్టకండి. వెంట ఉండి చాప్లిన్ దగ్గరికి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు.

క్వయర్‌లో చేరాలంటే డిసెంబరు దాకా ఆగొద్దు, అక్టోబరులోనే వెళ్లండి. సెమీ క్రిస్మస్ (పండగకి ముందే చేసే వేడుక) ప్రాక్టీసూ సెమిస్టర్ పరీక్షలూ తరచూ ఒకేసారి మీదపడతాయి. పాడటం రాకపోతే ఢోలక్ పట్టండి, కుర్చీలు వేయండి, స్టార్‌కి లైట్లు కట్టండి. పని చేతిలో ఉన్నవాడికి పరిచయాలు త్వరగా అవుతాయి. విజయవాడలో ఉంటే ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మాత ఉత్సవాలకి గుంపుగా వెళ్లొచ్చు, కానీ ఆ మూడు రోజులూ కాలు పెట్టే చోటుండదు. కొత్తవాళ్లతో కొండ మెట్లెక్కుతూ నింపాదిగా మాట్లాడుకోవాలంటే మామూలు రోజు పొద్దున్నే బయల్దేరండి, నీళ్ల సీసా వెంట పెట్టుకుని.

కూడిక నడిపేవాళ్లు ఆఖరి ఏడాదివాళ్లయితే ఫిబ్రవరిలోనే ఇద్దరు జూనియర్లకి పాటల కాగితాలు, అనుమతి అర్జీ నకలు, గది తాళం చెవి ఇచ్చేయండి. ఏప్రిల్ దాకా ఆగితే హాల్‌టికెట్ల గోలలో ఎవరికీ గుర్తుండదు, జూన్‌లో కొత్తవాళ్లు మళ్లీ వార్డెన్ గది బయట నిలబడాల్సి వస్తుంది.