ఇంగ్లిష్ పదాల ముందు ముక్కలు గుర్తుండాలంటే

డీఎస్సీకో గ్రూప్స్‌కో చదివే మన శ్రీకాకుళం పిల్లలకి ఇంగ్లిష్ పదాల బట్టీ ఒక టెన్షన్. పదం ముందొచ్చే ముక్క (ఉపసర్గ) పక్కన దానికి సరిపోయే తెలుగు ముక్క రాసి చూడండి. సబ్ కమిటీ ఉపసంఘం, ఇంటర్ స్టేట్ అంతర్రాష్ట్రం, మిస్‌యూజ్ దుర్వినియోగం. రోజుకి రెండు ముక్కలు, ఒక్కోదానికి మూడు పదాలు చాలు.

సబ్, ఇంటర్ లాటిన్ నుంచి వచ్చాయి. హైపర్, హైపో గ్రీకువి: మొదటిది అతి, రెండోది తక్కువ. థైరాయిడ్ రిపోర్టులో ఇవి తారుమారైతే అర్థమే తిరగబడుతుంది, అందుకని ఈ జంటని మాత్రం వేర్వేరు రోజుల్లో రాసుకోండి.

అన్నిచోట్లా ఇది పనిచెయ్యదు. అంకుల్‌లో ‘అన్’ అసలు ఉపసర్గే కాదు. హైవే మీద ట్యాంకర్ వెనక కనిపించే ఇన్‌ఫ్లేమబుల్‌ని, ముందున్న ‘ఇన్’ని ‘కాదు’ అనే అర్థంలో తీసుకుని, ‘మండనిది’ అనుకునేరు, అది బాగా మండేదే! అనుమానమొస్తే డిక్షనరీ తియ్యండి.