గోదారి ఎర్రబడకముందే లంక గ్రామాలు తేల్చుకోవాల్సిన పనులు

కోనసీమ లంకల్లో, అంటే గోదారి పాయల మధ్య ఉన్న దీవి ఊళ్లలో, వరద జాగ్రత్తలు జులైలో మొదలుపెడితే అప్పటికే ఆలస్యమైనట్టు. 1986లోనూ 2006లోనూ పెద్ద వరద ఆగస్టులో వచ్చింది కాబట్టి ఇంకా టైముందిలే అనుకోవడం చాలామందికి అలవాటు. 2022లో జులై నెల సగానికే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర దాదాపు 26 లక్షల క్యూసెక్కులు సముద్రం వైపు వెళ్లాయి. అందుకే జూన్ రెండో వారం దాటకుండా గ్రామసభ పెట్టుకోవాలి. ఆ పూటకి వరద ఒక్కటే అజెండా. వీధి దీపాలు, పింఛన్లు, ఇళ్ల స్థలాల మాట మరో సభకు వాయిదా వేయండి. అన్నీ కలిపితే వరద సంగతి ఆఖరి పది నిమిషాల్లోకి పోతుంది.

సభకు సర్పంచ్, వార్డు సభ్యులు, పంచాయతీ కార్యదర్శి వస్తే చాలదు. వీఆర్వో, ఏఎన్ఎం, పశువైద్య సహాయకుడు, లైన్‌మన్, ఏటిగట్టు చూసే జలవనరుల శాఖ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ), రేవులో పడవ నడిపేవాళ్లు కూడా ఉండాలి. వారం ముందే వీళ్లందరికీ రాతపూర్వకంగా కబురు పంపండి. సభలో ఒప్పుకున్న ప్రతి పనికీ ఎదురుగా ఒక మనిషి పేరు, ఒక తేదీ తీర్మానాల పుస్తకంలో ఎక్కాలి. "గట్టు బాగు చేయించాలి" అని రాస్తే ఎవరూ చేయరు. ఏ మైలురాయి దగ్గర, ఎంత పొడవున, ఎవరు, ఏ తేదీలోగా అన్నది రాస్తేనే రేపు అడగడానికి వీలుంటుంది. తీర్మానం నకళ్లు తహసీల్దారుకూ ఎంపీడీవోకూ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ధవళేశ్వరం లెక్కను మన ఊరి లెక్కగా మార్చుకోండి

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి 10 లక్షల క్యూసెక్కులు వదిలితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులు, 13 లక్షలు అయితే రెండోది. 17.75 అడుగులు, 17 లక్షలు అయితే మూడోది. ఈ అంకెలు టీవీలో స్క్రోలింగ్‌లో తిరుగుతూనే ఉంటాయి. అయితే ఇవి బ్యారేజీ దగ్గర లెక్కలు. మన ఊరికి ప్రమాదం ఏ అంకె దగ్గర మొదలవుతుందో అవి చెప్పవు. చాకలిపాలెం, కనకాయలంక మధ్య కాజ్‌వే (ఏటిపాయ మీద తక్కువ ఎత్తులో వేసిన రోడ్డు) మొదటి హెచ్చరిక దాకా ఆగకుండా ముందే మునుగుతుంది. బూరుగులంక రేవులో తాత్కాలిక బాట ఎర్రనీరు (వరద తెచ్చే బురదనీరు) తగిలిన తొలి రోజుల్లోనే కొట్టుకుపోతుంది. పెదపూడిలంక, ఉడిమూడిలంక, అరిగెలవారిపేట వాళ్లకు హెచ్చరిక జెండా ఎగరకముందే పడవ ప్రయాణం మొదలవుతుంది.

కాబట్టి ప్రతి ఊరూ తన పట్టిక తనే రాసుకోవాలి. రేవు మెట్లు ఎన్ని లక్షల దగ్గర మునిగాయి, కాజ్‌వే ఎప్పుడు మునిగింది, మొదటి వీధిలోకి నీరు ఎప్పుడొచ్చింది, బ్యారేజీ నుంచి వదిలిన ఎన్ని గంటలకు ఆ నీరు మన దగ్గర కనిపించింది అన్న నాలుగు సంగతులు చాలు. గడిచిన మూడు నాలుగేళ్ల వరదలవి ఊళ్లో పడవవాళ్లను, రేవు దగ్గర కొట్లవాళ్లను అడిగితే దొరుకుతాయి. 1986 నాటి గుర్తుల మీద మాత్రం ఆధారపడకండి. ఏటి అడుగున ఇసుక మేటలు మారాయి, పాయల్లోకి నీరు చీలే తీరు మారింది. అదే 12 లక్షలు ఇప్పుడు వేరే ఎత్తుకు రావచ్చు. బడి గోడ మీదా గుడి అరుగు మీదా రంగుతో గీతలు గీసి, పక్కన ఏడాది, ధవళేశ్వరం లెక్క రాయించండి. ఈ ఏడాది వచ్చే నీటికీ అక్కడే గీత పడాలి.

ముందుగా తెలుసుకోవడానికి భద్రాచలం చూడటం అందరికీ తెలుసు. అక్కడ 43, 48, 53 అడుగులు మూడు హెచ్చరికలు. అక్కడి ఉద్ధృతి ధవళేశ్వరానికి దిగడానికి ఒక రోజు, అటూ ఇటూగా పడుతుంది. చాలామంది మరిచిపోయేది శబరి. శబరి భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర గోదారిలో కలుస్తుంది. భద్రాచలంలో నీరు నిలకడగా ఉన్నా, తగ్గుముఖం పట్టినా, శబరి పొంగితే ధవళేశ్వరం దగ్గర పెరుగుతూనే ఉంటుంది. అందుకే భద్రాచలం అంకెతో పాటు కూనవరం అంకె కూడా రాసుకునే పని ఊళ్లో ఒకరికి అప్పజెప్పండి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో అమావాస్య, పౌర్ణమి తేదీలు కూడా ఆ పట్టికలో ఉండాలి. ఆ రోజుల్లో పోటు ఎక్కువగా ఉండి వరద నీరు సముద్రంలోకి దిగడం నెమ్మదిస్తుంది. మురుగు కాలువల నీరు వెనక్కి తంతుంది.

ఏటిగట్టు మీద చూడాల్సినవి

గట్టు తెగడానికి నీరు పైనుంచి పొర్లడం ఒక్కటే కారణం కాదు. చాలాసార్లు గట్టు లోపలి నుంచే పాడవుతుంది. ఎలుకలు, పందికొక్కులు తవ్విన బొరియలు, నరికేసిన చెట్టు మొదలు కుళ్లి మిగిలిన ఖాళీ, పాత తూము పక్కన వదులైన మట్టి, ట్రాక్టర్లు ఎక్కి దిగడానికి జనం తొలిచిన బాట, ఇవన్నీ నీటికి దారులు. జూన్‌లో సర్పంచ్, ఏఈ, లస్కరు (గట్టు, కాలువ కనిపెట్టుకునే శాఖ మనిషి), ఆ వార్డు సభ్యుడు కలిసి గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవాలి. బండి మీద వెళ్తే బొరియలు కనపడవు. గడ్డి, కంప కొట్టించాకే నడవండి. బొరియను పైపైన మట్టితో కప్పేస్తే లోపలి సొరంగం అలాగే ఉంటుంది. చివరి దాకా తవ్వి, తడి బంకమట్టిని పొరలు పొరలుగా వేసి దిమ్మిస చేయాలి. స్లూయిజ్ (గట్టులోంచి నీరు పోయే తూము) తలుపులు ఒకసారి పూర్తిగా దింపి, ఎత్తించి చూడండి. తుప్పు పట్టి సగంలో ఆగిపోయే తలుపు వరద రోజున ఎవరు లాగినా కదలదు.

వరద గట్టుకు ఆనుకున్నాక ఊరి వైపు, గట్టు పాదం దగ్గర ఊట కనిపిస్తుంది. తేటగా కారుతుంటే గుర్తు పెట్టి, గంట గంటకూ చూస్తే సరిపోతుంది. బురదగా వస్తోందంటే నీటితో పాటు గట్టు మట్టి కూడా పోతోందని అర్థం, లోపల సొరంగం పెరుగుతోంది. నేలలోంచి నీరు ఉడుకుతున్నట్టు పైకి తన్నుతూ చుట్టూ ఇసుక చేరితే అది బుంగ. ఇక్కడే ఊళ్లో వాళ్లు ఎక్కువగా పొరపడతారు. కంగారులో బుంగ మీదే బస్తాలు పడేసి నోరు మూసేస్తారు. లోపలి ఒత్తిడి తగ్గదు కాబట్టి నాలుగు అడుగుల అవతల మరో చోట తన్నుతుంది, ఈసారి ఇంకా పెద్దదిగా. చేయాల్సింది ఏమిటంటే, బుంగ చుట్టూ బస్తాలతో బావి ఒరలా గుండ్రంగా కట్ట కట్టి, లోపల నీరు నిలవనివ్వాలి. నిలిచిన నీటి బరువు కింది ఒత్తిడికి ఎదురు నిలుస్తుంది. బురద ఆగి తేటనీరు రావడం మొదలయ్యే ఎత్తు దాకా కడితే చాలు. ఆ తేటనీటిని ఒక పక్క నుంచి పోనివ్వండి, పూర్తిగా ఆపొద్దు.

రెండు మీటర్ల వ్యాసంతో మోకాలి ఎత్తు కట్టడానికే నూటికి పైగా బస్తాలు పడతాయి. అందుకే బలహీనమైన ప్రతి చోటుకూ 500 ఖాళీ బస్తాలు, దగ్గర్లోనే ఇసుక గుట్ట, పారలు, తాళ్లు, టార్పాలిన్లు, పెట్రోమాక్సు గానీ చార్జింగ్ లైట్లు గానీ సిద్ధంగా ఉంచమని అడగాలి. బస్తా సగానికి కాస్త పైన నింపితే చాలు. నిండుగా కుక్కితే బండలా బిగుసుకుని రెండు బస్తాల మధ్య సందు మిగులుతుంది. మూతి మడిచి కిందికి పెట్టి, ఇటుకల వరసలా కింది సందు మీద పై బస్తా వచ్చేలా పేర్చి, ప్రతి వరసనూ కాలితో తొక్కాలి.

రెండో హెచ్చరిక వచ్చినప్పటి నుంచి రాత్రి గస్తీ తప్పదు. ఒక్కో జట్టుకు ముగ్గురు, నాలుగు గంటల వంతు. ఎవరు ఏ రాత్రి అన్నది జూన్ సభలోనే రాసుకోండి. నీరు తీసే రోజుల్లోనూ గస్తీ మానకండి. వరద వేగంగా తగ్గితే నీళ్లు పీల్చుకుని బరువెక్కిన గట్టు, ఏటి వైపు ఆసరా పోయి జారిపోతుంది. లంక ఒడ్డు కోసుకుపోవడం కూడా ఎక్కువగా అప్పుడే జరుగుతుంది.

పడవలు, మనుషులు

2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగిన రోజు గోదారిలో ఉన్నది దాదాపు 5 లక్షల క్యూసెక్కులు. అంటే మొదటి హెచ్చరికలో సగం. జెండా ఎగరలేదు కాబట్టి రేవు దాటొచ్చన్న ధీమా తప్పని ఆ రోజే తేలిపోయింది. మన రేవులో ఏ మట్టం దాటితే నాటు పడవ ఆపాలో, ఎప్పటి నుంచి ఇంజిన్ పడవ ఒక్కటే తిరగాలో, ఏ మట్టం దగ్గర అదీ ఆపాలో సభలో తీర్మానించి రేవులో బోర్డు పెట్టండి. పడవ పక్కన మనుషుల సంఖ్య రంగుతో రాయించాలి. లైఫ్ జాకెట్ వేసుకోకుండా పిల్లలను ఎక్కించకూడదు. మోటారు సైకిళ్లూ గడ్డి మోపులూ మనుషులతో కలిపి వేయకూడదు. చీకటి పడ్డాక అత్యవసరమైతే తప్ప పడవ కదలకూడదు. మునిగిన కాజ్‌వే మీద మోకాలి లోతు నీరున్నా నడవొద్దు. అంచు ఎక్కడుందో కనపడదు, కింద కోత పడిందో లేదో తెలియదు.

ఏఎన్ఎం దగ్గర నెలలు నిండుతున్న గర్భిణుల జాబితా ఉంటుంది. కాన్పు తేదీ నెల రోజుల్లోపు ఉన్నవాళ్లను, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లను, మంచం పట్టిన పెద్దవాళ్లను మొదటి హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా గట్టు అవతలి బంధువుల ఇంటికో ఆసుపత్రి ఉన్న ఊరికో పంపాలి. బీపీ, షుగర్ మందులు నెలకు సరిపడా తెచ్చుకోండి. ఆధార్, పాస్ పుస్తకం, పట్టా కాగితాలు ప్లాస్టిక్ సంచిలో వేసి గట్టిగా మూతి కట్టి, తలుపు దగ్గర అందేలా పెట్టుకోండి. ఇల్లు వదిలేటప్పుడు మెయిన్ ఆపి, గ్యాస్ సిలిండర్ వాల్వు మూసి, సిలిండర్ తేలిపోకుండా కట్టేయండి. తడిసిన మోటారు స్టార్టరును లైన్‌మన్ చూడకుండా ఆన్ చేయకండి.

నీళ్లు పొలాలను ముంచితే పాములు ఇళ్లలోకి, గట్టు మీదకి చేరతాయి. కాటు పడితే తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ వద్దు. కాలో చెయ్యో కదలకుండా కర్రకు వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చండి. ఏ ఆసుపత్రిలో పాము మందు నిల్వ ఉందో జూన్ సభలోనే ఏఎన్ఎం చెప్పాలి.

పశువులకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు జూన్‌లోపు పూర్తవ్వాలి. పెద్ద పశువుకు రోజుకు ఐదారు కిలోల ఎండుగడ్డి కావాలి. పది రోజులకు సరిపడా గడ్డి మెరక మీద వాము వేయించండి. నీరు వస్తుందన్న రాత్రి గేదెలను కట్టుగొయ్యకు వదిలేసి వెళ్లకండి. మెరకకు తోలుకెళ్లే వీల్లేకపోతే కనీసం తాళ్లు విప్పండి.

తాగునీరు, తరవాతి లెక్కలు

వరద తీశాక బావి నీరు తేటగా కనిపించినా తాగకూడదు. ముందు వీలైనంత తోడి పారబోసి, కొత్తగా ఊరనివ్వాలి. బావి వ్యాసాన్ని వ్యాసంతోనే గుణించి, వచ్చినదాన్ని నీటి లోతుతో (అన్నీ మీటర్లలో), ఆ తర్వాత 785తో గుణిస్తే లీటర్లు తెలుస్తాయి. రెండు మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల నీరున్న బావిలో 9,420 లీటర్లుంటాయి. వెయ్యి లీటర్లకు 5 గ్రాముల చొప్పున దాదాపు 50 గ్రాముల బ్లీచింగ్ పౌడరు వేయాలి. పొడిగా చల్లితే సున్నం గడ్డలు అడుక్కి పోతాయి, మందు సరిగా కలవదు. బకెట్‌లో ముద్దలా కలిపి, ముప్పావు వంతు నీళ్లు పోసి పది నిమిషాలు తేరనిచ్చి, పైనున్న తేటను మాత్రమే బావిలో పోసి బకెట్‌తో బాగా కలియబెట్టండి. గంట తరవాత క్లోరిన్ పరీక్షలో లీటరుకు 0.5 మిల్లీగ్రాములు చూపించాలి. చూపించకపోతే మళ్లీ అంతే వేయాలి. పౌడరు సంచి తెరిచి నెలలు గడిచినదైతే దాని సత్తువ పోయి ఉంటుంది, కొత్తది అడగండి. ఇంట్లో అయితే 20 లీటర్ల బిందెకు అర గ్రాము క్లోరిన్ బిళ్ల ఒకటి వేసి అరగంట ఆగాలి. బిళ్లలు లేకపోతే నీళ్లు కుతకుత మరిగించి తాగాలి.

పంట నష్టం దగ్గర చాలామంది రైతులు, ముఖ్యంగా కౌలుదార్లు, నష్టపోయేది కాగితాల వల్లే. ప్రభుత్వ పంట నమోదైన ఈ-క్రాప్‌లో పేరు ఎక్కని పంటకు పరిహారం రావడం కష్టం. అరటి, కూరగాయలు, పూలతోటలు వేసినవాళ్లు ఎర్రనీరు రాకముందే నమోదు చేయించుకోండి. నష్టం 33 శాతం, ఆపైన ఉన్న పంటకే పెట్టుబడి రాయితీ లెక్కలోకి వస్తుంది. నీరు నిలిచి ఉన్నప్పుడు ఒకటి, తీశాక ఒకటి తేదీ పడేలా ఫొటోలు తీసుకోండి.

ఊరి గోడ మీద పెద్దక్షరాలతో రాయించాల్సిన నంబర్లు: అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, కరెంటుకు 1912, పశువుల అంబులెన్సుకు 1962, జిల్లా కంట్రోల్ రూముకు 1077. కింద పంచాయతీ కార్యదర్శి, వీఆర్వో, లస్కరు, పడవ నడిపేవాళ్ల నంబర్లు కూడా ఉండాలి. వరదలో సెల్ టవర్లు పడిపోతే దండోరా, గుడి మైకు మిగులుతాయి. మైకుకు బ్యాటరీ ఉందో లేదో ముందే చూడండి.

నీరు తీసిన వారంలోపు గ్రామసభ మళ్లీ పెట్టాలి. ఇళ్లు, పంటలు, పశువుల నష్టం రాసిన జాబితాను సచివాలయం గోడకు అంటించి, సభలో పేరు పేరునా చదివించండి. పేరు లేనివాళ్లు అక్కడే అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. జూన్ తీర్మానాల్లో ఏ పని జరగలేదో ఆ పుస్తకం తెరిచి చదివించి, మిగిలిన పనులకు కొత్త తేదీలు వేయించండి. ఆగస్టులో ఇంకో వరద వచ్చే వీలుంది.