ఆడిట్ లాగ్‌లకు తాళం: అప్లికేషన్ సర్వర్‌లో రోజూ రాత్రి నడిచే స్క్రిప్టు

తిరుపతిలో లాడ్జి బుకింగులు నడిపే సర్వర్‌నే తీసుకోండి. దాని ఆడిట్ లాగ్‌లో యాత్రికుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ గదిని ఎవరు రద్దు చేశారు, ఏ అడ్మిన్ ఏ ఐపీ నుంచి లాగిన్ అయ్యాడు, అన్నీ మామూలు టెక్స్ట్‌గా పడి ఉంటాయి. బ్యాకప్ డిస్కు ఒకటి చేతులు మారితే చాలు, అంతా బయటపడుతుంది. లినక్స్, టామ్‌క్యాట్ (జావా వెబ్ అప్లికేషన్లను నడిపేది), జీపీజీ (ఫైళ్లకు తాళం వేసే టూల్) ఉన్న సర్వర్‌లో ఈ ఫైళ్లను స్క్రిప్టుతో ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మార్చే పద్ధతి ఇది. ఇక్కడ తెలుగులో రాసిన ఆప్షన్ల పేర్లను టెర్మినల్‌లో ఇంగ్లీషులోనే కొట్టాలి.

మొదట కీ సంగతి. చాలామంది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ టూల్‌కి పాస్‌వర్డ్ ఇచ్చి, ఆ పాస్‌వర్డ్‌ను స్క్రిప్టులోనే రాసేస్తారు. సర్వర్‌లోకి దూరినవాడికి తాళమూ తాళంచెవీ ఒకేచోట దొరుకుతాయి కాబట్టి అది చేసినా చేయనట్టే. కావాల్సింది తిరుమల హుండీ లాంటి ఏర్పాటు: వేయడం ఎవరైనా వేయొచ్చు, తెరిచేవాళ్లు వేరే. అంటే సర్వర్‌లో మూయడానికే పనికొచ్చే పబ్లిక్ కీ మాత్రమే ఉండాలి, తెరిచే ప్రైవేట్ కీ బయట ఉండాలి.

నెట్‌కు తగలని ల్యాప్‌టాప్‌లో ఆర్‌ఎస్‌ఏ అనే పద్ధతిలో 4096 బిట్ల కీ జత (పబ్లిక్, ప్రైవేట్) తయారు చేయండి. పబ్లిక్ కీని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి సర్వర్‌లో ఇంపోర్ట్ చేయండి. కీని గుర్తుపట్టే 40 అక్షరాల ఫింగర్‌ప్రింట్‌ను రెండుచోట్లా సరిచూడండి. ఇలాంటి జతలు రెండు చేసి, ప్రతి ఫైలునూ ఏ ప్రైవేట్ కీతోనైనా తెరిచేలా రెండు పబ్లిక్ కీల పేరా ఎన్‌క్రిప్ట్ చేయించండి. ఒక ప్రైవేట్ కీ తిరుపతిలో, రెండోది చిత్తూరులో ఉంచితే ఒకటి పోయినా లాగ్‌లు పోవు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లో దానికి తెలియజేయాలి. ఆలోగా లాగ్‌లు తెరిచి చూడాల్సి వస్తే, ఉన్న ఒక్క కీ చెన్నై ఆఫీసు బీరువాలో ఉంటే దాన్ని తెచ్చేసరికే సగం గడువు రోడ్డు మీద అయిపోతుంది.

లాగ్‌ను నేరుగా ఆర్‌ఎస్‌ఏతో ఎన్‌క్రిప్ట్ చేయాలని చూడకండి. 2048 బిట్ల కీతో పాత ప్యాడింగ్ (డేటాకు అదనపు బైట్లు చేర్చే) పద్ధతిలో ఒక్కసారికి 245 బైట్లే పడతాయి. జీపీజీ ప్రతి ఫైలుకూ కొత్త సెషన్ కీ (ఆ ఒక్క ఫైలుకే వాడేది) పుట్టించి, డేటాను దానితోనూ, ఆ కీని మీ పబ్లిక్ కీతోనూ మూసేస్తుంది.

ఇక స్క్రిప్టు. మొదటి వరుసల్లో ‘సెట్’తో ఎర్రర్ వస్తే ఆగిపోయేలా, పైప్‌ఫెయిల్ (గొలుసుగా కలిపిన కమాండ్లలో ఏది విఫలమైనా ఎర్రర్‌గా లెక్కించేది) ఆన్‌లో ఉండేలా పెట్టండి. కొత్త ఫైళ్లను ఇతర యూజర్లు చదవకుండా యూమాస్క్ 077. స్క్రిప్టు ఒకేసారి రెండు కాపీలు నడవకుండా ఎఫ్‌లాక్ కమాండ్. తర్వాత ఇవాళ్టి తేదీ పేరున్న ఫైలు తప్ప మిగతావి ఎంచుకోవాలి. ఒక్కో ఫైలుకూ వరుసల లెక్క రాసుకుని, జీపీజీతో ‘.పార్ట్’ అనే తాత్కాలిక పేరుకు ఎన్‌క్రిప్ట్ చేయండి. అది సరిగా ముగిస్తేనే అసలు పేరుకు మార్చి, ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ (ఫైలు మారితే మారిపోయే గుర్తు సంఖ్య) తీయండి. ఫైలూ, హాషూ, వరుసల లెక్కా ఇంకో మెషిన్‌కు చేరాకే మూలాన్ని చెరపాలి. ఈ క్రమం తప్పిందా, డిస్కు నిండిన రాత్రి సగం ఫైలు మిగిలి మూలం పోతుంది. బ్రహ్మోత్సవాల వారంలో లాగ్ ఎంత ఉబ్బుతుందో చెప్పనక్కర్లేదు. కొంతసేపు మూలమూ ఎన్‌క్రిప్ట్ అయినదీ రెండూ డిస్కు మీదే ఉంటాయని గుర్తుంచుకుని ఖాళీ వదలండి. కంప్రెస్ చేయాలంటే ఎన్‌క్రిప్షన్‌కు ముందే చేయాలి, తర్వాత చేస్తే ఏమీ తగ్గదు.

స్క్రిప్టు చేత్తో నడిపితే పనిచేసి, చెప్పిన వేళకు దానంతట అదే నడిపే క్రాన్‌లో ఆగిపోవడం మామూలే. కారణం సాధారణంగా రెండింటిలో ఒకటి. ఒకటి, కీ మీద నమ్మకం ఉందా అని జీపీజీ అడుగుతుంది, జవాబిచ్చే మనిషి ఉండడు. ‘బ్యాచ్’, ‘ట్రస్ట్-మోడల్ ఆల్వేస్’ ఆప్షన్లు ఇవ్వండి. ఫింగర్‌ప్రింట్ ముందే సరిచూశారు కాబట్టి ఇది తప్పేమీ కాదు. రెండు, క్రాన్ నడిపే యూజర్ కీరింగ్ (కీలు దాచే చోటు) వేరు. కీరింగ్ ఉన్న ఫోల్డర్‌ను ‘హోమ్‌డిర్’ ఆప్షన్‌తో స్పష్టంగా చెప్పండి.

సమయం దగ్గరా ఒక చిక్కుంది. టామ్‌క్యాట్ యాక్సెస్ లాగ్ (వచ్చిన రిక్వెస్టుల నమోదు) తేదీ మారాక వచ్చే మొదటి రిక్వెస్టుతోగానీ కొత్త ఫైలుకు మారదు, చివరి వరుసలు ఫైలులోకి చేరకుండా కాసేపు మెమరీలోని బఫర్‌లో ఉంటాయి. అందుకే 12 గంటలకు కాకుండా తెల్లవారుజామున 3కి పెట్టండి. సర్వర్ గడియారం యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయం) ఉంటే మాత్రం తేదీ మారేది మన ఉదయం 5:30కి, క్రాన్‌లో రాసిన 3 మన 8:30 అవుతుంది.

లినక్స్ సొంత ఆడిట్ లాగ్‌ను మాత్రం, పాత లాగ్‌లను పక్కకు తిప్పే లాగ్‌రొటేట్ టూల్‌కు అప్పగించకండి. ఆ లాగ్ రాసే ప్రోగ్రామ్ ఆడిట్‌డీ తన ఫైళ్లను తానే తిప్పుకుంటుంది; స్క్రిప్టు దానికి యూఎస్‌ఆర్1 సిగ్నల్ పంపి, అది వదిలిన పాత ఫైలును తీసుకోవాలి. లాగ్‌రొటేట్‌లోని ‘కాపీట్రంకేట్’ (ఫైలును కాపీ చేసి, అసలుదాన్ని ఖాళీ చేసే ఆప్షన్) అయితే ఆడిట్ లాగ్‌లకు అసలు పనికిరాదు: కాపీకీ ఖాళీ చేయడానికీ మధ్య పడిన వరుసలు మాయమవుతాయి.

మూలాన్ని ష్రెడ్‌తో (ఫైలు మీద మళ్లీ మళ్లీ రాసి చెరిపే కమాండ్) చెరిపేశామని నిశ్చింతగా ఉండొద్దు. ఎస్‌ఎస్‌డీలో పాత బ్లాకులు ఎక్కడో మిగిలే ఉంటాయి. లాగ్ పార్టిషన్ మొత్తాన్ని లక్స్ అనే లినక్స్ డిస్కు ఎన్‌క్రిప్షన్‌తో మూయడం దీనికి సరైన మందు.

ఎన్‌క్రిప్షన్ చదవనివ్వదు, అంతే, మార్చకుండా ఆపలేదు. పబ్లిక్ కీ దొరికినవాడు దొంగ లాగ్ తయారుచేసి అదే పేరుతో పెట్టగలడు. హాష్‌ను వేరే మెషిన్‌కు పంపమన్నది ఇందుకే. ఇవాళ్టి లాగ్ ఇంకా తెరిచే ఉంటుంది కాబట్టి దాన్ని ఆర్‌సిస్‌లాగ్‌తో (లాగ్‌లను వేరే మెషిన్‌కు పంపే ప్రోగ్రామ్), దారిలో ఎవరూ చదవకుండా కాపాడే టీఎల్‌ఎస్ మీద, పోర్ట్ 6514 ద్వారా, అప్పటికప్పుడు బయటికి పంపుతూ ఉండండి.

నెలకోసారి ఏదో ఒక ఫైలును ప్రైవేట్ కీ ఉన్న ల్యాప్‌టాప్‌లో తెరిచి, హాషూ వరుసల లెక్కా కలుస్తున్నాయో చూడండి. సర్వర్‌లో ఈ పరీక్ష కుదరదు, అక్కడ కీ ఉండదు. కీ గడువు తేదీని క్యాలెండర్‌లో వేసుకోండి: గడువు దాటిన రాత్రి నుంచి జీపీజీ ఎన్‌క్రిప్ట్ చేయనంటుంది, క్రాన్ మెయిల్ ఎవరూ చూడకపోతే మూల ఫైళ్లు పేరుకుంటాయి. కొత్త కీకి మారాక పాత ప్రైవేట్ కీని పారేయకండి. లాగ్‌లు 180 రోజులు ఉంచాలన్నది సెర్ట్-ఇన్ నియమం, ఆ కీతో మూసిన చివరి ఫైలు గడువు తీరేదాకా అదీ ఉండాల్సిందే.