డిగ్రీ మధ్యలో వైజాగ్ వదిలి వేరే రాష్ట్రానికి: క్రెడిట్లు చేజారకుండా

నేవీలోనో రైల్వేలోనో బ్యాంకులోనో బదిలీ ఆర్డరు రాగానే చాలా ఇళ్లలో చేసే మొదటి పని, కాలేజీకి వెళ్లి పిల్లల టీసీ అడగడం. అది ఆఖరున చేయాల్సిన పని. టీసీ తీసుకుంటే ఇక్కడి సీటు పోయినట్టే. అవతలి యూనివర్సిటీ మీ క్రెడిట్లు ఒప్పుకుంటానని ఇంకా చెప్పనే లేదు. రెంటికీ చెడ్డ రేవడి అవుతారు.

ముందు లెక్క చూసుకోండి. క్రెడిట్ అంటే పాసైన ప్రతి పేపరుకూ దాని బోధన గంటల్ని బట్టి వచ్చే పాయింటు. యూజీసీ (యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ) లెక్కలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (విద్యార్థి క్రెడిట్లు జమయ్యే ఆన్‌లైన్ ఖాతా) నిబంధనల (2021) ప్రకారం పట్టా ఇచ్చే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి. మొదటి ఏడాది 40తో వెళ్తే ఇబ్బంది లేదు. రెండేళ్లు చదివి 80తో వెళ్తే మూడేళ్ల డిగ్రీలో అక్కడ మిగిలేది 40 మాత్రమే, కావలసింది 60. అదే ఆనర్స్‌లో చేరితే 80, 80 సరిపోతాయి. మూడో ఏడాదిలో ఉన్నవాళ్లు హాస్టల్లో ఉండైనా ఇక్కడే ముగించడం మేలు.

తర్వాత డిజిలాకర్‌లో 12 అంకెల అపార్ ఐడీ (ఆ క్రెడిట్ ఖాతాకు ముడిపడిన విద్యార్థి నంబరు) తీసి చూడండి. క్రెడిట్లు విద్యార్థి ఎక్కించలేడు, కాలేజీయో యూనివర్సిటీయో ఎక్కించాలి. ఖాతా ఖాళీగా ఉంటే ముందు అనుమానించాల్సింది పేరును. మనకు ఇంటిపేరుతోనే తంటా: ఆధార్‌లో 'పి. శ్రావణి', టెన్త్ మెమోలో 'పిల్లా శ్రావణి'. పేరు కలవకపోతే రికార్డు ఖాతాలో పడదు. ఆధార్‌ను టెన్త్ మెమో ప్రకారం సరిచేయించి, హాల్ టికెట్ నంబరు రాసి ఎగ్జామ్ సెక్షన్‌లో అర్జీ ఇవ్వండి. సప్లీ మిగిలిన పేపరుకు క్రెడిట్ రాదు, దాన్ని ఇక్కడే రాసేసి వెళ్లండి.

ఖాతాలో పడినంత మాత్రాన అవతలివాళ్లు తీసుకుంటారని కాదు. వాళ్లు చూసేది సిలబస్. మీ బ్యాచ్ రెగ్యులేషన్ (మీరు చేరిన ఏడాదికి వర్తించే నియమావళి) సిలబస్ కాపీ కావాలి, ఈ ఏడాది కొత్తగా పెట్టింది కాదు. అటానమస్ కాలేజీ (సిలబస్, పరీక్షలు సొంతంగా నడుపుకునేది) అయితే ఆంధ్రా యూనివర్సిటీ సిలబస్ పనికిరాదు, కాలేజీదే తీసుకుని ప్రతి పేజీ మీదా ప్రిన్సిపాల్ సంతకం, స్టాంపు వేయించండి. ఒక కాగితం మీద ఎడమవైపు మీ పేపరు పేరు, కోడ్, క్రెడిట్లు, గంటలు, గ్రేడు రాసి, కుడివైపు అక్కడి సమానమైన పేపరు రాయండి. థియరీలో ఒక క్రెడిట్ అంటే 15 గంటలు, ల్యాబ్‌లో 30. క్రెడిట్ల సంఖ్య తేడాగా ఉన్నా గంటలు కలిస్తే వాదించడానికి వీలుంటుంది.

ఎక్కువగా తిరగ్గొట్టేవి మూడు. సెకండ్ లాంగ్వేజ్ తెలుగు: బెంగళూరులోనో భువనేశ్వర్‌లోనో ఆ పేపరు దొరక్కపోతే బదులు ఏది రాయాలో ముందే అడగండి. రెండోది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, అంటే మన డిగ్రీలో విద్యార్థులు జనంలోకి వెళ్లి చేసే సర్వే, సేవా పని. దాని రిపోర్టు, లాగ్‌బుక్ కాపీలు దాచుకోండి, లేకపోతే అదేమిటో వాళ్లకు అర్థం కాదు. మూడోది మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు. 2023-24లో మన రాష్ట్రంలో సింగిల్ మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి వచ్చింది. అవతల మూడు సబ్జెక్టుల కాంబినేషన్ ఉంటే మీరు చదవని సబ్జెక్టుల పేపర్లు అదనంగా నెత్తిన పడతాయి.

సెమిస్టర్ మధ్యలో కాకుండా మూడో సెమిస్టర్ మొదట్లో చేరేలా కనీసం రెండు నెలల ముందే అడగడం మొదలుపెట్టండి. ఏ పేపర్లు ఒప్పుకున్నారు, ఏవి మళ్లీ రాయాలి అన్నది లెటర్ రూపంలో తీసుకోండి. ఫోన్‌లో 'చూద్దాం లెండి' అన్న మాట లెక్కలోకి రాదు. ఆ లెటర్ చేతికొచ్చాకే నో డ్యూస్ (బాకీలు లేవన్న కాగితం), కాలేజీలో టీసీ, యూనివర్సిటీలో మైగ్రేషన్ సర్టిఫికెట్ (వేరే యూనివర్సిటీలో చేరడానికి ఇచ్చే అనుమతి పత్రం) తీసుకోండి. మైగ్రేషన్ ఒరిజినల్ అక్కడ ఇచ్చేస్తారు కాబట్టి ముందే స్కాన్ చేసి పెట్టుకోండి.

ఇగ్నోలో (దేశమంతా ఉన్న దూరవిద్య యూనివర్సిటీ) చదువుతున్నవాళ్లకు ఈ తిప్పలేవీ లేవు. యూనివర్సిటీ మారదు, విశాఖ రీజినల్ సెంటర్ నుంచి కొత్త ఊరి సెంటర్‌కు మార్చమని అర్జీ పెడితే చాలు.